షాపు వాడు చెప్పిన పేరు పక్కన పెట్టండి: మీ కోరీ ఏ జాతో మీరే తేల్చుకోవడం ఎలా

"అన్నా, ఇది జూలీయేనా?" అని వారానికి కనీసం రెండు ఫొటోలు నా ఫోనుకు వస్తాయి. కోరీ అంటే అక్వేరియంలో పెంచే చిన్న మీసాల చేప, కోరిడోరస్. జూలీ అందులో ఒక జాతి. వచ్చే సగం ఫొటోల్లో చేప తోక ఒక్కటే ఉంటుంది. మిగతా సగంలో చేపకంటే అద్దం మీది నాచు బాగా కనిపిస్తుంది. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే అంతా ఒకేచోట రాస్తున్నా.

నేనూ మోసపోయినవాణ్ణే. చాలా ఏళ్ల కింద హన్మకొండలో ఒక షాపులో ఆరు కోరీలు కొన్నా. "గివి జూలీలే అన్నా, పక్కా. కాకుంటే వాపస్ తెచ్చియ్యి" అన్నాడు షాపతను. నేను ట్యాంకుకు 'కోరిడోరస్ జూలియై' అని స్టిక్కర్ కూడా అంటించి, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించుకున్నా. రెండేళ్ల తర్వాత ఒకరోజు నీళ్ళు మారుస్తూ వాటి తలను తీరిగ్గా చూస్తే తెలిసింది, అవి జూలీని పోలిన ఇంకో జాతి, ట్రైలినియేటస్. స్టిక్కర్ గీకడానికి బ్లేడు వాడాల్సి వచ్చింది. షాపతను అబద్ధం చెప్పలేదు. అతనికి కొలకతా నుంచో, చెన్నై కొళత్తూరు నుంచో వచ్చిన కవరు మీద ఏ పేరుంటే ఆ పేరే చెప్పాడు.

పేరు తెలిస్తే ఏమొస్తుంది అనే వాళ్ళకు ఒక్కటే మాట. పాండా కోరీకి చల్లటి నీళ్ళు కావాలి, 20 నుంచి 25 డిగ్రీలైతే హాయిగా ఉంటుంది. స్టెర్బై అనే ఇంకో కోరీ 28 దాకా తట్టుకుంటుంది. మన వరంగల్‌లో మే నెలలో కూలర్ వేసిన గదిలో కూడా ట్యాంకు నీళ్ళు 30 దాటుతాయి. ఏది కొంటున్నారో తెలియకుండా కొంటే ఎండాకాలం దాటేసరికి ఏది మిగులుతుందో చెప్పలేం.

కావలసినవి

- సన్నటి ఫొటో డబ్బా. అద్దాల షాపులో అయిదు ముక్కలు కోయించి సిలికాన్‌తో అతికించుకుంటే చాలు. లోపలి వెడల్పు 3 సెంటీమీటర్లు మించొద్దు, మించితే చేప అడ్డం తిరుగుతుంది. అది కుదరకపోతే సకినాలు పెట్టి అమ్మే నలుచదరపు పారదర్శక డబ్బా కూడా పనికొస్తుంది. గుండ్రటి డబ్బా మాత్రం వద్దు. వంపు వల్ల చేప సాగినట్టు కనిపిస్తుంది, కొలతలన్నీ తప్పుతాయి.
- స్టీలు స్కేలు లేదా గ్రాఫ్ పేపరు. వెర్నియర్ ఉంటే మరీ మంచిది, కానీ అది చచ్చిన చేపకే.
- మాక్రో ఉన్న ఫోను, లేదా ఫోనుకు క్లిప్‌లా తగిలించే లెన్సు.
- తెల్ల కాగితం, టేబుల్ లైటు.
- ప్లాస్టిక్ మగ్గు లేదా చిన్న డబ్బా, చేపను ఎత్తడానికి. వల కాదు. ఎందుకో రెండో మెట్టులో చెప్తా.
- నోటుబుక్కు, పెన్ను. ఫోనులో రాసుకుంటా అనకండి, చేతులు తడిగా ఉంటాయి.

ఎలా చేయాలి

1. ముందు కుటుంబం తేల్చండి

మన చెరువుల్లోని జెల్ల, మార్పు, వాలుగ ఒంటి మీద పొలుసులుండవు. నున్నటి తోలే ఉంటుంది. షాపుల్లో అమ్మే ఈ చిన్న మీసాల చేపలు దక్షిణ అమెరికావి. వీటికి తోలు మీద ఎముక పలకలు ఇంటి మీద గూన పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పక్క నుంచి చూసి ఆ పలకల వరసలు లెక్కపెట్టండి.

ఒక్కటే వరస ఉండి, ఒక్కో పలకకు కొక్కెంలాంటి ముల్లుంటే అది డోరాడిడే కుటుంబం. నల్లటి ఒంటి మీద తెల్ల చారలతో అమ్మేది ఇదే. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో పొడవునా ఒక గీత, ఇలా సరిగ్గా రెండు వరసలుంటే కాలిక్తిడే. మన కోరీలు ఇందులోవే. రెండుకు మించి వరసలుండి, నోరు కిందివైపు గుండ్రటి చప్పరింపు బిళ్ళలా ఉంటే లోరికారిడే. ఆటోసింక్లస్, బ్రిసిల్‌నోస్, పెద్ద 'సక్కర్' అన్నీ ఆ ఇంటివే.

రెండు వరసలున్నంత మాత్రాన కోరీ అని రాసేయకండి. హోప్లో అనే పెద్ద చేప కూడా కాలిక్తిడేలోదే. దాని మీసాలు బాగా పొడుగ్గా ఉంటాయి, తల చదునుగా ఉంటుంది. కోరీకి తల ఎత్తుగా, మీసాలు పొట్టిగా ఉంటాయి.

2. చేపను డబ్బాలోకి మార్చండి

ఇక్కడే ఎక్కువమంది చేపను పాడుచేస్తారు. కోరీకి వీపు రెక్క ముందు ఒక ముల్లు, రెండు పక్క రెక్కల ముందు చెరొక ముల్లు ఉంటాయి. భయపడితే ఆ ముళ్ళను బయటికి చాపి తాళం వేసినట్టు బిగిస్తుంది. వలలో పట్టారంటే వల దారాలు ముల్లుకు చుట్టుకుంటాయి. మీరు లాగితే ముల్లు విరుగుతుంది. ఒకవేళ చిక్కుకుంటే లాగకండి. వలతో సహా నీళ్ళలో ఉంచి, దారాన్ని చిన్న కత్తెరతో కత్తిరించండి. వల యాభై రూపాయలది, పోతే పోయింది.

మగ్గును నీళ్ళలో పడుకోబెట్టి, రెండో చేత్తో చేపను మెల్లగా అటువైపు తోలండి. డబ్బాలో ట్యాంకు నీళ్ళే పోయండి. డబ్బా నిండా పోయకండి, పైన రెండు వేళ్ళ ఖాళీ ఉంచండి. కోరీ అప్పుడప్పుడు పైకొచ్చి గాలి మింగి పేగుతో పీల్చుకుంటుంది. ఆ దారి మూసేయకూడదు.

ముల్లు గుచ్చుకుంటే కందిరీగ కుట్టినట్టు మంట వస్తుంది, ముల్లు మొదట్లో విషగ్రంథులుంటాయి. బాగా బెదిరిన చేప ఉన్న చిన్న డబ్బాలో నీళ్ళు నురగ కడితే ఫొటోలు ఆపేసి, వెంటనే నీళ్ళు మార్చండి. ఒక డబ్బాలో ఒక్క చేపే, అదీ పది నిమిషాలే. ఈ పని పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి. మత్తు మందు, లవంగ నూనె లాంటి ప్రయోగాలు ఇంట్లో వద్దు.

3. మూడు ఫొటోలు తీయండి

పక్క నుంచి, పై నుంచి, కింది నుంచి. నాకు ఫొటో పంపేవాళ్ళలో కింది ఫొటో పంపినవాళ్ళు ఇప్పటిదాకా ముగ్గురే ఉన్నారు, ఆ ముగ్గురికే నేను ధైర్యంగా జవాబు చెప్పగలిగా. చేప అడుగున కూర్చున్నప్పుడు డబ్బాను రెండు ఇటుకల మీద పెట్టి కింద నుంచి తీస్తే నోరు, మీసాలు, పొట్ట, పక్క రెక్కల మధ్యలోని ఎముకలు కనిపిస్తాయి.

పక్క ఫొటోకు వెనక తెల్ల కాగితం పెట్టండి. ఫ్లాష్ వద్దు. పలకలు అద్దంలా మెరిసి రంగంతా ఆకుపచ్చగా పడుతుంది. లైటు పై నుంచి వాలుగా పడేలా పెడితే పలకల అంచులు విడివిడిగా తెలుస్తాయి. స్కేలును చేప ఉన్న దూరంలోనే పెట్టాలి. చాలామంది వెనక అద్దానికి గ్రాఫ్ పేపరు అంటిస్తారు. చేప ముందు అద్దానికి ఆనుకుని ఉంటే, వెనకున్న గళ్ళు చిన్నగా పడి చేప ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. నా మొదటి నోటుబుక్కులో 5 సెంటీమీటర్ల చేపలు 6 సెంటీమీటర్లుగా నమోదయ్యాయి ఇలాగే.

4. మూతి చూడండి, రంగు చూడకండి

ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం తప్పులు తగ్గుతాయి. దక్షిణ అమెరికాలో ఒకే ఏటిలో వేరువేరు వంశాల కోరీలు కలిసి గుంపులుగా తిరుగుతాయి. ముళ్ళు, విషం ఉన్న చేపలు కాబట్టి ఒకేలాంటి 'డ్రెస్సు' వేసుకుంటే తినేవాళ్ళు ఒకసారి నేర్చుకున్న పాఠంతో అందరినీ వదిలేస్తారు. అందువల్ల మచ్చ మచ్చకూ పోలి ఉన్న రెండు చేపలు దూరపు చుట్టాలే అయ్యుండొచ్చు. అచ్చం ఒకేలా యూనిఫాం వేసుకున్న ఇద్దరు పిల్లలు అన్నదమ్ములని అనుకోం కదా.

మూతి మాత్రం దాచుకోలేవు. పక్క ఫొటోలో కంటి ముందు అంచు నుంచి పెదవి కొస దాకా చూడండి. మూతి పొట్టిగా, గుండ్రంగా బొటనవేలి కొసలా ఉందా? లేక కోలగా ముందుకు సాగి, నుదురు నుంచి ఏటవాలుగా దిగుతోందా? మూడు మాటల్లో ఒకటి రాసుకోండి: పొట్టి, మధ్యస్తం, పొడుగు. షాపుల్లో దొరికేవి చాలావరకు పొట్టి మూతివే. పొడుగు మూతిది కనిపిస్తే రెండోసారి చూడండి, అది పెంపకం చేప కాకపోవచ్చు.

మీసాలు పొట్టిగా ఉన్నాయని జాతి లక్షణంగా రాయకండి. పదునైన రాళ్ళ మీదో, మురికి పట్టిన ఇసుక మీదో పెంచితే మీసాలు అరిగిపోతాయి. ఒక చేపకు ఎడమవైపు పొడుగు, కుడివైపు పొట్టి ఉంటే అది అరుగుదలే.

5. పలకలు, రెక్కలు లెక్కపెట్టండి

ఫొటోను పెద్దది చేసుకుని పై వరస, కింది వరస విడిగా లెక్కపెట్టండి. కోరీల్లో పై వరస సాధారణంగా 22 నుంచి 24, కింది వరస 20 నుంచి 22 వస్తుంది. మీకు 15 వచ్చినా, 30 వచ్చినా తప్పు చేపది కాదు, మీది.

మొదటి పలక దగ్గరే అందరూ తడబడతారు. తల వెనక ఎముక అంచు కింద అది సగం దాగి ఉంటుంది. నేను లెక్కపెడితే 22, మా అక్క కూతురు లెక్కపెడితే 23. ఇంటర్ బైపీసీ చదువుతోంది, నన్ను నవ్వుతూ చూసింది. ఫొటోను స్క్రీన్ మీద ఇంకా పెద్దది చేసి చూస్తే తల అంచు కింద నుంచి సన్నటి చంద్రవంకలా ఆ ఒక్క పలక తొంగిచూస్తోంది. తనదే కరెక్టు. తోక మొదట్లో ఉండే చిన్న చిన్న ముక్కల్ని, వీపు మీద కొవ్వు రెక్కకు (వీపు రెక్కకూ తోకకూ మధ్య ఉండే చిన్న రెక్క) ముందుండే బుల్లి పలకల్ని లెక్కలోకి తీసుకోకూడదు. అవి వరసలో భాగం కాదు.

తర్వాత వీపు రెక్క. పుస్తకాల్లో దీన్ని వాజం అంటారు, మనం రెక్క అనే అనుకుందాం. ముందు బలమైన ముల్లు, వెనక కొసలో చీలే మెత్తటి కిరణాలు. ఎక్కువ కోరీలకు ఈ కిరణాలు 7. పది, అంతకు మించి ఉండి, రెక్క పొడవుగా తెరచాపలా ఉంటే బ్రోకిస్ వైపు చూడండి. ఆకుపచ్చగా మెరిసే 'ఎమరాల్డ్ కోరీ' అదే. దాన్ని చాలామంది బ్రాంజ్ కోరీ అనుకుంటారు. ఈ ఒక్క లెక్కతో రెండూ విడిపోతాయి. రెక్క ముడుచుకున్నప్పుడు లెక్కపెట్టి 5 అని రాయకండి. చేప రెక్క విప్పేదాకా ఆగండి.

కొవ్వు రెక్క ముందు కూడా ఒక చిన్న ముల్లు ఉంటుంది. ఉందో లేదో రాయండి, చాలు.

6. కొలవండి

మొత్తం పొడవు కొలిచి '6 సెంటీమీటర్లు' అని రాసేస్తే పనికిరాదు. తోక రెక్క చిరిగి ఉండొచ్చు. కొలవాల్సింది మూతి కొస నుంచి తోక రెక్క మొదలు దాకా. ఎక్కడ ఒంపితే తోక మడత పడుతుందో అదే మొదలు. దీన్ని ప్రామాణిక పొడవు అంటారు. తల పొడవు, మూతి పొడవు, కంటి అడ్డకొలత, వీపు ముల్లు దగ్గర ఒంటి ఎత్తు కూడా తీసుకోండి.

తర్వాత వాటిని శాతాల్లోకి మార్చండి, లేకపోతే చిన్న చేపనూ పెద్ద చేపనూ పోల్చలేరు. నా ట్రైలినియేటస్‌లలో ఒకటి 43 మిల్లీమీటర్లు. తల 17, అంటే పొడవులో దాదాపు 40 శాతం. మూతి 7, అంటే తలలో 41 శాతం. మూతి తలలో సగానికి దగ్గరగానో, మించో వస్తే పొడుగు మూతి జాబితాలోకి వెళ్ళండి.

బతికున్న చేపను చేత్తో పట్టుకుని కొలవొద్దు. ఫొటో నుంచి కొలవండి. ఎప్పుడైనా ఒక చేప చచ్చిపోతే బాధపడి పారేయకండి. అప్పుడే వెర్నియర్ పెట్టి అన్నీ సరిగా కొలిచి, ఫొటో లెక్కలతో పోల్చుకోండి. మీ ఫొటో పద్ధతి ఎంత తప్పుతోందో తెలుస్తుంది.

7. ఇప్పుడు రంగు చూడండి

మన దగ్గర ఎక్కువగా గందరగోళపెట్టే జతలు ఇవి.

జూలీ, ట్రైలినియేటస్: తల మీద విడివిడి చుక్కలుంటే జూలీ. చుక్కలు కలిసిపోయి వానపాములు పాకినట్టు మెలికల గీతలుంటే ట్రైలినియేటస్. ఒంటి మధ్య నల్ల గీత జిగ్‌జాగ్‌గా గట్టిగా కనిపించినా ట్రైలినియేటస్ వైపే. జూలీ ఈశాన్య బ్రెజిల్‌ది, ట్రైలినియేటస్ పెరూ వైపుది. జూలీ పేరుతో మన ఊరికొచ్చిన వాటిలో నాకు అసలు జూలీ ఇంతవరకు ఒక్కటీ కనపడలేదు.

స్టెర్బై, హరాల్డ్‌షుల్జై: నల్లటి తల మీద తెల్ల చుక్కలు స్టెర్బై. తెల్లటి తల మీద నల్ల చుక్కలు హరాల్డ్‌షుల్జై. రెండింటికీ పక్క రెక్కల ముళ్ళు నారింజ రంగులోనే ఉంటాయి, కాబట్టి వాటిని చూసి తేల్చకండి.

పిగ్మియస్, హాస్టేటస్: రెండూ మూడు సెంటీమీటర్లు దాటనివే, రెండూ అడుగున కూర్చోకుండా నీళ్ళ మధ్యలో ఈదుతాయి. మూతి నుంచి తోక దాకా నల్లటి అడ్డగీత ఉంటే పిగ్మియస్. తోక మొదట్లో నల్ల మచ్చ, దాని వెనక తెల్లటి అంచు ఉంటే హాస్టేటస్.

పాండా: కంటికి నల్ల పట్టీ, వీపు రెక్క నలుపు, తోక మొదట్లో నల్ల మచ్చ. మూడూ ఉండాలి. రెండే ఉంటే ఆగండి.

బ్రాంజ్, పెప్పర్: బ్రాంజ్‌కు ఒంటి మీద మచ్చలుండవు, పచ్చ రాగి మెరుపు ఉంటుంది. పెప్పర్‌కు ముదురు మచ్చలు పరుచుకుని ఉంటాయి. తెల్ల కోరీ ఎర్ర కళ్ళతో ఉంటే అది రెండింటిలో ఏదైనా కావచ్చు. మచ్చలే లేవు కాబట్టి లెక్కలు, కొలతలే దిక్కు. చాలాసార్లు అవి కూడా చాలవు. అప్పుడు 'ఆల్బినో, జాతి తేలలేదు' అని రాయడమే నిజాయితీ. గులాబీ, నీలం రంగుల్లో మెరిసే వాటికి నన్ను పేరు అడగకండి. కొన్నింటికి ఆ రంగు సూదితో ఎక్కిస్తారు.

ఆడచేప పై నుంచి చూస్తే వెడల్పుగా, పెద్దగా ఉంటుంది. మగది సన్నగా ఉంటుంది. ఒకే గుంపులో ఇలా రెండు రకాలు కనిపించాయని రెండు జాతులుగా రాసిన మిత్రుడొకరున్నారు. పిల్లలకు పెద్దవాటి మచ్చలు రావడానికి నెలలు పడుతుంది, రెండు సెంటీమీటర్లలోపు చేపకు తొందరపడి పేరు పెట్టకండి. భయపడిన చేప రంగు కూడా పాలిపోతుంది. రంగు రాయాల్సింది ట్యాంకులో తిరిగి స్థిమితపడ్డాక, డబ్బాలో కాదు.

8. పేరు రాయండి

ఇక్కడ పాత పుస్తకాలు ఉన్నవాళ్ళకు చిన్న టెన్షన్. కోరిడోరస్ అనే ప్రజాతిని (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు, ఇంగ్లీషులో జీనస్) 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ పెట్టాడు. ఆ తర్వాత 160కి పైగా జాతులు ఆ ఒక్క పేరు కిందే పేరుకుపోయాయి. 2024లో వచ్చిన పెద్ద సవరణలో దాన్ని విడగొట్టారు. కోరిడోరస్ అనే పేరు పొడుగు మూతి వాటికే మిగిలింది. పెప్పర్, పాండా, స్టెర్బై, ట్రైలినియేటస్, జూలీ హోప్లిసోమాలోకి వెళ్ళాయి. బ్రాంజ్ ఆస్టియోగాస్టర్‌లోకి, పిగ్మియస్, హాస్టేటస్ గాస్ట్రోడెర్మస్‌లోకి వెళ్ళాయి. అంటే మన ఊరి షాపుల్లో కోరిడోరస్ అని అమ్మే వాటిలో చాలావరకు ఇప్పుడు కోరిడోరస్‌లు కావు. నాలుగో మెట్టులో మూతి గురించి అంత సతాయించింది ఇందుకే.

పేరు చివర కూడా చూసుకోండి. పెప్పర్ ఒకప్పుడు పేలియేటస్, ఇప్పుడు హోప్లిసోమా పేలియేటమ్. ప్రజాతి పేరు లింగం మారితే, విశేషణంగా ఉన్న జాతి పేరు చివరి అక్షరం కూడా మారుతుంది. పాండా, స్టెర్బై విశేషణాలు కావు కాబట్టి అలాగే ఉంటాయి. పెప్పర్ మామూలు షాపు చేప అని తీసిపారేయకండి. దాన్ని డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణంలో సేకరిస్తే, జెనిన్స్ 1842లో వర్ణించాడు.

సరిపోలుతోంది కానీ ఖాయం కాదు అనిపిస్తే ప్రజాతి పేరుకూ జాతి పేరుకూ మధ్య 'సీఎఫ్' అని పెట్టండి, 'దీనితో పోల్చి చూడాలి' అని అర్థం. దగ్గరిదే కానీ వేరే జాతిలా ఉంది అనిపిస్తే 'ఏఎఫ్ఎఫ్'. షాపు లేబుల్ మీద 'సి' పక్కన అంకె ఉంటే అది పేరు కాదు. ఇంకా వర్ణించని కోరీలకు జర్మనీలోని డాట్జ్ అనే పత్రిక 1993 నుంచి ఇస్తూ వచ్చిన నంబరు. ప్లెకోలకు, అంటే సక్కర్ కుటుంబం చేపలకు, 'ఎల్' నంబర్లు అదే పత్రిక 1988లో మొదలుపెట్టింది. నంబరు ఉంటే నంబరే రాయండి, దానికి మీరు పేరు కల్పించకండి.

9. వివరణ రాయండి

కథలా కాదు, ఎఫ్ఐఆర్‌లా రాయాలి. నా నోటుబుక్కులోది ఒకటి చూడండి:

'ఒకటి, ఆడ, బతికున్నది. ప్రామాణిక పొడవు 43 మి.మీ. పలకలు పై వరస 23, కింది వరస 20, ఎడమవైపు లెక్క. వీపు రెక్క ఒక ముల్లు, 7 కిరణాలు. కొవ్వు రెక్క ముల్లు ఉంది. మూతి పొట్టి, గుండ్రం, తలలో 41 శాతం. మీసాలు కుడివైపు అరిగాయి. తల మీద మెలికల గీతలు, చుక్కలు లేవు. ఒంటి మధ్య నల్ల జిగ్‌జాగ్ గీత, తోక మొదలు దాకా. వీపు రెక్క పై భాగంలో నల్ల మచ్చ. తోక రెక్కలో నిలువు చుక్కల వరసలు. పొట్ట తెలుపు. హన్మకొండలో కొన్నది, పుట్టిన చోటు తెలియదు. హోప్లిసోమా ట్రైలినియేటమ్.'

ఇందులో 'అందంగా', 'కొంచెం', 'మామూలుగా' లాంటి మాటలు లేవు చూడండి. 'కొంచెం పెద్ద కన్ను' అంటే మీకొకటి, నాకొకటి. 'కన్ను తలలో నాలుగో వంతు' అంటే ఇద్దరికీ ఒకటే. పేరు చివర్లో రాశాను. ముందే రాసేస్తే చెయ్యి ఆ పేరుకు తగ్గట్టే వివరాలు రాసుకుంటూ పోతుంది. నేను నా 'జూలీ'ల తల మీద రెండేళ్లు చుక్కలే చూశాను మరి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

అదే చేపను మూడు రోజుల తర్వాత, పాత కాగితం చూడకుండా మళ్ళీ లెక్కపెట్టండి. పలకల్లో ఒకటి తేడా వస్తే ఫర్వాలేదు, రెండు వస్తే ఫొటో బాగా లేదని అర్థం. గుంపులో కనీసం మూడు చేపలకు చేయండి, ఒక్క చేపను నమ్మకండి.

తర్వాత మీ వివరణను ఫొటో లేకుండా, పేరు కొట్టేసి, కోరీలు పెంచే ఇంకొకరికి పంపండి. చదివి వాళ్ళు అదే పేరు చెప్తే మీ రాత పాసైనట్టు. రెండు పేర్ల మధ్య ఊగితే, ఆ రెండింటినీ విడదీసే లక్షణమేదో మీరు రాయడం మరిచిపోయారు. ఫోను యాప్‌లో ఫొటో పెట్టి పేరు తెచ్చుకోవడం చెక్ చేయడం కాదు. అది ప్రధానంగా ఒంటి రంగునే చూస్తుంది, మనం మొదట వద్దనుకున్నది దాన్నే.

'అన్నా, ఇది కొత్త జాతేమో?'

ఇది కూడా తరచూ వచ్చే ప్రశ్నే. షాపులో కొన్న చేపకు ఆ ఆశ పెట్టుకోకండి. కొత్త జాతిని వర్ణించాలంటే అది ఏ నదిలో, ఎక్కడ దొరికిందో తెలియాలి. పేరు మోసే అసలు నమూనాను ఏదో ఒక మ్యూజియంలో భద్రపరచాలి. దగ్గరి జాతులన్నింటి నుంచి ఎలా వేరో రాసి, నిబంధనల ప్రకారం ప్రచురించాలి. మీ దగ్గరిది ఏ పెంపకందారు తొట్టిలోనో పుట్టింది. రెండు జాతులు కలిసిన సంకరమూ కావచ్చు. 

చెరువులో పలకల చేప దొరికితే

ఇది వేరే సంగతి, చిన్న కోరీ కాదు. ధర్మసాగర్‌లోనో, పాకాలలోనో, మీ ఊరి చెరువులోనో వలకు గరుకు ఒళ్ళు, చప్పరింపు నోరు ఉన్న నల్లటి చేప పడితే అది అక్వేరియంలో 'సక్కర్' అని అమ్మే టెరిగోప్లిక్తిస్ అయ్యే అవకాశమే ఎక్కువ. దెయ్యం చేప, డెవిల్ ఫిష్ అని పిలిచేది దీన్నే. చిన్నగా ఉన్నప్పుడు కొని, అడుగు పొడవయ్యాక చెరువులో వదిలేసినవాళ్ళ పుణ్యం. కట్టల్లో బొరియలు తవ్వుతుంది, వలలు చింపుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వాళ్ళు చెరువు నీళ్ళలో దాని డీఎన్ఏ ఆనవాళ్ళు పట్టి, ఎక్కడెక్కడ వ్యాపించిందో వెతికే పద్ధతి తయారుచేశారు.

గుర్తుపట్టడం తేలికే. వీపు రెక్క మెత్తటి కిరణాలు లెక్కపెట్టండి. 7 ఉంటే దాన్ని పోలిన హైపోస్టోమస్, 9 లేదా అంతకు మించి ఉంటే టెరిగోప్లిక్తిస్. తర్వాత పొట్ట తిప్పి చూడండి. విడివిడి చుక్కలుంటే పార్డాలిస్ జాతి, చుక్కలు కలిసి మెలికలు తిరిగితే డిస్‌జంక్టివస్ జాతి. రెండూ కలగలిసి ఉంటే సంకరం, ఇది కూడా మామూలే. పొట్ట ఫొటో, పక్క ఫొటో, చెరువు పేరు, తేదీ రాసి మత్స్యశాఖ ఆఫీసుకో, కాకతీయ యూనివర్సిటీ జువాలజీ విభాగానికో ఇవ్వండి. నమూనా దాచాలంటే ఫార్మాలిన్ ఇంట్లో ముట్టుకోవద్దు, అది కళ్ళకు, ఊపిరితిత్తులకు ప్రమాదం. ఐస్ డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి. చేపను మాత్రం తిరిగి నీళ్ళలో వదలొద్దు. మీ ట్యాంకులో మిగిలిపోయిన కోరీలను కూడా చెరువులో వదలొద్దు, వద్దనుకుంటే షాపులో తిరిగి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు కవరు మీద సరైన పేరు రాసి ఇవ్వండి.